కంగారక్క చేసిన ఫోన్లు

నన్ను కాలేజీ మాన్పించి ఇంటికి పంపిన గొంతు చాలా మంచి గొంతు. ఈ మాట ఒప్పుకోవడానికి నాకు పదేళ్ళు పట్టింది. అంతకుముందు ఆ గొంతు గుర్తొస్తేనే ఒళ్ళు మండేది. ఆ గొంతుగల మనిషిని నువ్వు క్షమించావా అని ఇప్పటికీ కొందరు నన్ను అడుగుతుంటారు. అది నా సొంత విషయం. ముందు ఆవిడ ఏం చేసిందో వినండి.

కాలేజీలో అమ్మాయిలు ఆవిడని కంగారక్క అనేవారు. ఆవిడ కంగారు మనిషేం కాదు, అంత నింపాదైన మనిషిని నేనెక్కడా చూడలేదు. ఎవరింటికి ఫోన్ చేసినా "కంగారు పడకండి" అనేది, అందుకని ఆ పేరు. పిల్ల చదివే కాలేజీ నుంచి పనివేళలో ఫోన్ వచ్చి, అవతలివాళ్ళు కంగారు పడకండి అంటే, కంగారు పడని తండ్రి ఎవరైనా ఉంటే నాకూ చూపించండి.

ఆవిడ తల్లి బట్టల మిల్లులో పనిచేసేదట. పాతికేళ్ళు ఆ మరమగ్గాల మోతలో నిలబడి చెవులు పోగొట్టుకుంది. ఇంట్లో పెద్దపిల్ల కంగారక్క. గట్టిగా అరిస్తే తల్లికి మాట అర్థమయ్యేది కాదు సరికదా, తిడుతున్నారేమో అనుకుని చిన్నబుచ్చుకునేది. అందుకని ఎదురుగా నిలబడి, ఒక్కో మాటా విడివిడిగా, తొందర లేకుండా చెప్పడం ఈ పిల్లకి ఐదేళ్ళకే అలవాటైంది. చెల్లెళ్ళు ముగ్గురూ ఎంత గోల చేసినా తల్లి ఆఖరికి "పెద్దదేమంటోంది" అని ఈవిడ మొహంలోకే చూసేదట.

ఇరవై నాలుగేళ్ళప్పుడు కాలేజీలో టెలిఫోన్ ఆపరేటరుగా చేరింది. మెట్ల కింద ఇరుకు గది, తీగలు పీకి గుచ్చే పాత బోర్డు, ఎత్తు స్టూలు. లేచి నిలబడితే తల మెట్లకి తగిలేది. పన్నెండేళ్ళు అక్కడే వంగి లేచింది. తర్వాత బోర్డు తీసేశారు. ఏ గదికాగదికి సొంత ఫోన్లొచ్చాయి. ఈవిడని ఏం చెయ్యాలో ఎవరికీ తెలియక ఒక నెల రోజులు ఉత్తినే కూర్చోబెట్టారు. అప్పుడు విద్యార్థి సంక్షేమాధికారి అనే ఆయన ఈవిడ గొంతు విని, వెంటనే తన ఆఫీసుకి తెచ్చుకున్నాడు.

ఆయన గురించి కాస్త చెప్పాలి. ఎవరినీ ఒక్క మాట గద్దించి ఎరగడు. ఏ అమ్మాయైనా ఏదైనా అడగడానికి వెళితే ముందు మంచినీళ్ళు ఇప్పించేవాడు. "సరిగ్గా నిద్రపోతున్నావామ్మా? మొహం అలా పీక్కుపోయిందేంటి? ఇంట్లో అంతా బాగున్నారా?" అనేవాడు. అడగడానికి వెళ్ళిన సంగతి నోట్లోనే ఉండిపోయేది. "నువ్వు మా అమ్మాయిలాంటిదానివి" అని ప్రతి ఒక్కరితోనూ అనేవాడు. ఆయన కూతుళ్ళందరినీ ఒకచోట చేరిస్తే ఒక ఊరవుతుంది.

కంగారక్క బల్ల మీద అద్దం కింద ఆయన చేతిరాతతో ఒక అట్ట ఉండేది. అందులో ఐదు వాక్యాలు. కాలేజీ నుంచి మాట్లాడుతున్నాం, కంగారు పడకండి. మీ అమ్మాయి ఈమధ్య కాస్త ఒత్తిడిలో ఉన్నట్టుంది. తోటివాళ్ళ మాటల ప్రభావం కూడా ఉండొచ్చు. ఆమె ఆరోగ్యం, భవిష్యత్తు గురించి మాకు చాలా బెంగగా ఉంది. మీరొకసారి వచ్చి కొన్నాళ్ళు ఇంటికి తీసుకెళితే మంచిదని మా అభిప్రాయం. అంతే. ధర్నా అనిగానీ, సమ్మె అనిగానీ, శిక్ష అనిగానీ అందులో ఎక్కడా ఉండదు. ఆ ఐదు వాక్యాలతో ఇరవై రెండేళ్ళపాటు ఆ కాలేజీలో ఏ గొడవా నాలుగో రోజు దాటలేదు.

అట్ట ఎవరైనా చదవగలరు. కంగారక్క పనితనం వేరు. ఏ ఇంటికి ఎప్పుడు చేస్తే ఎవరు దొరుకుతారో ఆవిడ ఒక నోటు పుస్తకంలో రాసుకునేది. ఫలానా తండ్రి లారీ డ్రైవరు, ఆదివారం పొద్దున తప్ప దొరకడు. ఫలానా తల్లికి రాత్రి డ్యూటీ, మధ్యాహ్నం నాలుగు లోపు లేపకూడదు. ఎవరికి రక్తపోటుందో, ఎవరికి నిదానంగా చెప్పాలో కూడా. ముందు "భోంచేశారా" అని అడిగి, వాళ్ళు కుదురుగా కూర్చున్నాకే అట్ట మొదలుపెట్టేది. తల్లులు ఫోన్లోనే ఏడ్చి, "మా పిల్లని మీరైనా చూసుకుంటున్నారు, మీ రుణం తీర్చుకోలేం" అనేవారట. ఆవిడ అది నమ్మింది. తను మంచిపనే చేస్తున్నాననుకుంది.

మా వంతు వచ్చినప్పుడు నేను భౌతికశాస్త్రం రెండో సంవత్సరం. లైబ్రరీ రాత్రి తొమ్మిది దాకా తెరిచే ఉండేది, అమ్మాయిల హాస్టలు గేటు మాత్రం సాయంత్రం ఆరింటికి మూసేవారు. మగపిల్లలు ఆ మూడు గంటలూ ఫ్యాన్ కింద కూర్చుని చదువుకునేవారు. మేము కట్టిన ఫీజూ అదే, రాసే పరీక్షా అదే. గేటు తొమ్మిదికి మార్చమని రాసి ఇస్తే, మా భద్రత గురించి బెంగగా ఉందన్నారు. దాంతో పద్దెనిమిది మందిమి పుస్తకాలు పట్టుకుని లైబ్రరీ మెట్ల మీద కూర్చున్నాం. నినాదాలు కూడా లేవు. ఊరికే చదువుకుంటూ కూర్చున్నాం.

మూడో రోజు మధ్యాహ్నం మా నాన్న వచ్చాడు. ఆయన ఇనుము చెక్కే లేతు మిషన్ మీద పనిచేస్తాడు. చేతులకి గ్రీజు కూడా కడుక్కోలేదు. మెట్ల దగ్గర నన్ను చూసి, "అమ్మా, నీకేం కాలేదు కదా" అన్నాడు. నాకేం కాలేదని చెప్పాను. నమ్మలేదు. ఏమీ కాలేదని చెప్పడం కూడా ఒక లక్షణమేనని ఆయనకి ఆఫీసులో చెప్పి ఉంచారు. ఆరోగ్య కారణాల మీద సెలవు అని రాసి ఉన్న కాగితం మీద సంతకం పెట్టి నన్ను తీసుకుపోయాడు. ఆ వారంలో పదహారు మంది అలాగే వెళ్ళిపోయారు. గేటు ఆరింటికే మూసుకుంది.

తిరిగి చేరాలంటే ఆరోగ్యం కుదుటపడిందని డాక్టరు రాసివ్వాలన్నారు. డాక్టరు దగ్గరికి వెళితే, "జబ్బేంటో తెలియకుండా తగ్గిందని ఎలా రాయనమ్మా" అన్నాడు. ఆయన తప్పేముంది. కాలేజీకి పదకొండు సార్లు ఫోన్ చేశాను. ప్రతిసారీ ఆ గొంతే. "ముందు మీ ఆరోగ్యం చూసుకోండమ్మా, చదువెక్కడికీ పోదు." చదువు పోయింది. పరీక్షలు అయిపోయాయి, సీటు పోయింది.

ఇంట్లో అంతకన్నా ఘోరం. నా ముందు ఎవరూ గట్టిగా మాట్లాడేవారు కాదు. తమ్ముడు నాతో పోట్లాడటం మానేశాడు. కూరగాయల కత్తి ఆరు నెలలు నాకు కనపడకుండా దాచారు. నేను ఏ విషయంలో కోప్పడినా అమ్మా నాన్నా ఒకరి మొహం ఒకరు చూసుకునేవారు. నా కోపం నాది కాకుండా పోయింది, అది కూడా జబ్బులో కలిసిపోయింది. పిచ్చిదాన్ని కాదని రుజువు చేసుకోవడానికి ఎప్పుడూ నవ్వుతూ తిరగాల్సి వచ్చేది. అలా నవ్వుతూ తిరిగేదాన్ని చూస్తే ఎవరికైనా అనుమానం రాకమానదు.

తర్వాత కళ్ళజోళ్ళ దుకాణంలో పని నేర్చుకున్నాను. చూపు పరీక్షించడం, కొలతలు తియ్యడం, అద్దం అరగదీసి ఫ్రేములో కూర్చోబెట్టడం. భౌతికశాస్త్రం మొత్తానికి ఆ మాత్రం పనికొచ్చింది.

ఒకరోజు యాభై ఏడేళ్ళావిడ దగ్గరచూపు తగ్గిందని వచ్చింది. అద్దాలు మార్చి చూసే బరువైన ట్రయల్ ఫ్రేము ఆవిడ ముక్కు మీద పెట్టి, చేతికి చిన్న అక్షరాల కార్డిచ్చి చదవమన్నాను. మా కార్డు మీద ఏవో నాలుగు ముక్కలుంటాయి, పొద్దున్నే నడిస్తే ఒంటికి మంచిది, నీళ్ళు బాగా తాగాలి అని. ఆవిడ నింపాదిగా, ఒక్కో మాటా విడివిడిగా చదవడం మొదలుపెట్టింది. రెండో లైనుకి నా చేతిలో అద్దం జారిపోయింది.

"మీరు కాలేజీలో పనిచేస్తారా?"

"అవునమ్మా. నీకెలా తెలుసు?"

"మీ గొంతు పదకొండు సార్లు విన్నాను."

ఏ సంవత్సరమో చెప్పాను. ఆవిడ ట్రయల్ ఫ్రేములోంచే నన్ను కాసేపు చూసి, "లేతు పనిచేసే ఆయన కూతురివి. పన్నెండున్నరకి భోజనాల బెల్లు కొట్టాక చేస్తేనే దొరికేవారు" అంది. గుర్తుందన్నందుకు నాకింకా మండింది.

"నాకేమైందని చెప్పారు మా నాన్నకి?"

"అట్ట మీద ఉన్నదే చెప్పానమ్మా."

"అప్పటికి మీరు నన్ను చూశారా?"

"లేదు."

"చూడకుండా నాకు బాలేదని ఎలా చెప్పారు?"

జవాబు కోసం నేను ఆగలేదు. సీటు పోయింది, కత్తి దాచారు, తమ్ముడు పోట్లాడటం మానేశాడు, అన్నీ చెప్పాను. దుకాణంలో ఇంకో ఇద్దరు కూర్చుని ఉన్నారని కూడా చూసుకోలేదు. ఆవిడ అంతా విని, కొలతలిచ్చి, రసీదు తీసుకుని వెళ్ళిపోయింది.

పది రోజుల తర్వాత కొత్త జోడు పట్టుకెళ్ళి, మర్నాడే తిరిగొచ్చింది. పెట్టుకుంటే తలనొప్పి, అక్షరాలు రెండేసి కనిపిస్తున్నాయంది. స్కేలు పెట్టి మళ్ళీ కొలిచాను. కంటిపాపల మధ్య దూరం అరవై రెండు మిల్లీమీటర్లు. ఆరోజు కోపంలో నేను అరవై తొమ్మిది రాశాను. ఆ పనిలో అది చిన్న తప్పు కాదు. అలాంటి జోడు పెట్టుకుంటే నిక్షేపంలాంటి కళ్ళు కూడా చెడిపోయాయనిపిస్తుంది.

"కొలత తప్పు రాశానండీ. మీ కళ్ళు బాగానే ఉన్నాయి, జోడే తప్పు" అని ఒప్పుకున్నాను.

ఆవిడ జోడు తీసి గల్లా బల్ల మీద పెట్టింది. "చూశావా, నువ్వు పది రోజుల్లో చెప్పేశావు" అంది. తర్వాత సంచీలోంచి తన పాత నోటు పుస్తకం, ఫోన్ తీసి, నన్నేమీ అడక్కుండా అందులో చూసి ఒక నంబరు నొక్కింది. టైము పన్నెండున్నర దాటింది.

ఆవిడ చెవి దగ్గర పెట్టుకున్నా, అవతల మా నాన్న మాటలు నాకు వినపడుతూనే ఉన్నాయి. లేతు పనివాళ్ళు ఫోన్లో కూడా అరిచే మాట్లాడతారు.

"నమస్కారమండీ. భోంచేశారా?"

"ఎవరికేమైంది?" అన్నాడు నాన్న. ఆయన కూడా ఆ గొంతు మరిచిపోలేదు.

"ఎవరికీ ఏమీ కాలేదండీ. ఆరోజూ కాలేదు. పదేళ్ళ కిందట మీ అమ్మాయికి బాలేదని నేనే ఫోన్ చేశాను. నేను ఆ పిల్లని చూడను కూడా లేదు. గేటు గురించి అడిగినవాళ్ళందరి ఇళ్ళకీ అదే చెప్పమన్నారు, అందరికీ అదే చెప్పాను. మీ అమ్మాయి నిక్షేపంలా ఉండేది. అది చెప్పడానికే చేశాను."

అవతల భోజనం గిన్నెకి మూత పెట్టిన చప్పుడైంది. తర్వాత నాన్న, "అయితే మా పిల్ల చెప్పిందే నిజమా?" అన్నాడు.

"నిజమేనండీ."

"నేను దాని మాట నమ్మలేదమ్మా. మీ మాట నమ్మాను" అని ఫోన్ పెట్టేశాడు.

కంగారక్క ఫోన్ సంచీలో పడేసి కుర్చీలో కూలబడింది. నాకు ఆవిడ మీద జాలి కలగలేదు. మంచినీళ్ళు మాత్రం ఇచ్చాను.

ఆ సాయంత్రం నేను ఇంటికి వెళ్ళేసరికి నాన్న గుమ్మంలోనే కూర్చుని ఉన్నాడు. నేను నీళ్ళ మోటారు వేసి, ఏదో ఆలోచనలో పడి ఆపడం మరిచిపోయాను. ట్యాంకు నిండి వాకిలంతా నీళ్ళు. నాన్న ఒక్కసారి లేచి, "బుద్ధుందా నీకు, ఎన్నిసార్లు చెప్పాలి" అని వీధి చివరికి వినపడేలా తిట్టాడు. పదేళ్ళలో అదే మొదటి తిట్టు. నేను కూడా తగ్గలేదు, ట్యాంకుకి నీళ్ళు ఆపే బుడగ పెట్టించమని ఎన్నాళ్ళ నుంచి మొత్తుకుంటున్నానని ఎదురు తిరిగాను. అమ్మ బయటికొచ్చి మా ఇద్దరినీ చూసి ఏడ్చేసింది. ఆ రాత్రి నేను హాయిగా నిద్రపోయాను.

ఆ తర్వాత కంగారక్క అప్పుడప్పుడు దుకాణానికి వచ్చేది, జోడు కాడలు వదులయ్యాయని ఏదో వంక పెట్టి. తల్లి సంగతీ, మెట్ల కింద గది సంగతీ అప్పుడు చెప్పినవే. నేను ఒకసారి, "ఇంకా ఆ అట్ట చదువుతూనే ఉన్నారా" అని సూటిగా అడిగాను. "ఈ ఏడాది ఇంకా అవసరం పడలేదమ్మా" అంది. పడితే ఏం చేస్తారని నేనడగలేదు, ఆవిడ చెప్పలేదు.

పరీక్షలకి రెండు నెలల ముందు అవసరం పడింది. అదే గేటు, అదే ఆరు గంటలు. ఈసారి ముప్పై నాలుగు మంది. వాళ్ళకి ముందు నిలబడ్డది ఒక పొట్టి పిల్ల, చివరి సంవత్సరం. అందరూ పొట్టి అనే పిలిచేవారు, తనూ అలాగే పలికేది. సంక్షేమాధికారి మెట్ల దగ్గరికి వెళ్ళి, చలిగా ఉంది జలుబు చేస్తుందని దుప్పట్లు పంపనా అని అడిగాడట. "దుప్పట్లొద్దు సార్, గేటు చాలు" అందట పొట్టి. ఆయన నవ్వి, ఆఫీసుకొచ్చి, ముప్పై నాలుగు పేర్ల పట్టీ కంగారక్క బల్ల మీద పెట్టాడు. పొట్టి పేరు కింద ఎర్ర గీత గీశాడు. ఆ పిల్ల ఇప్పుడు ఇంటికి వెళ్ళిందంటే పరీక్షలు పోతాయి, పట్టా పోతుంది. మిగతావాళ్ళు రెండు రోజుల్లో చెదిరిపోతారు. అది ఆయనకీ తెలుసు, కంగారక్కకీ తెలుసు.

ఆవిడకి ఉద్యోగం ఇంకా రెండేళ్ళుంది. ఇంట్లో భర్త, బస్సు కండక్టరుగా చేసి మానేసిన మనిషి. రోజంతా టికెట్లు అని అరిచి అరిచి గొంతు పాడుచేసుకున్నాడు. "మా ఇంట్లో ఉన్నది ఒకటే గొంతు, దాన్ని అప్పుడే వాళ్ళకి అద్దెకిచ్చేశాం" అని వేళాకోళం చేసేవాడు. ఆ రోజు మధ్యాహ్నం భోజనానికి ఇంటికెళ్ళి ఈవిడ సంగతంతా చెబితే, ఆయన సగంలో చెయ్యి కడుక్కుని, "అయితే అద్దె ఖాళీ చేయించెయ్" అన్నాడట.

రెండు గంటలకి ఆవిడ మొదటి ఫోన్ పొట్టి తల్లికి చేసింది. ఆమె ఆసుపత్రిలో దుప్పట్లు ఉతికే చోట పని. రెండింటికి మిషన్లు ఆపుతారు, అప్పుడైతేనే మాట వినపడుతుంది.

"నమస్కారమమ్మా, భోంచేశారా? కాలేజీ నుంచి. మీ అమ్మాయికి జ్వరం లేదు, దిగులు లేదు. పొద్దున నేనే వెళ్ళి చూసొచ్చాను. లైబ్రరీ మెట్ల మీద కూర్చుని లెక్కలు చేసుకుంటోంది. హాస్టలు గేటు తొమ్మిది దాకా తెరవమని అడుగుతోంది. తనకి ఒంట్లో బాలేదని మీతో చెప్పమన్నారు. నేను చెప్పడం లేదు."

"మరి నన్నేం చెయ్యమంటారండీ?"

"అది మీ ఇష్టమమ్మా. వస్తే మాత్రం ముందు ఆఫీసుకి రాకండి. మెట్ల దగ్గరికి వెళ్ళి మీ కళ్ళతో మీరే చూసుకోండి. ఎవరైనా సెలవు కాగితం ఇస్తే పిల్లనడగకుండా సంతకం పెట్టకండి."

అలా ఒకరి తర్వాత ఒకరికి. అందరూ మెచ్చుకున్నారని కథలు చెప్పను. ఒకాయన, "ఆడపిల్లల్ని చెడగొట్టడానికి మీకు జీతాలా" అని బూతులు తిట్టాడట. ఇంకొకావిడ మొత్తం విని, "అయినా సరే, మాకు భయం" అని వచ్చి కూతుర్ని తీసుకుపోయింది. ఆ కూతురు ఏడుస్తూ వెళ్ళడం కంగారక్క కిటికీలోంచి చూసింది. సాయంత్రం ఐదున్నరకి సంక్షేమాధికారి తలుపు తీసి, "అక్కా, అందరికీ చేశారా?" అని అడిగితే, "చేస్తున్నానండీ" అని మళ్ళీ డయలు చేసింది. పన్నెండేళ్ళు ఎదురుగా కూర్చున్నా ఆయన ఏనాడూ ఆవిడ ఫోన్లో చెప్పేది వినలేదు, ఇంకో పదేళ్ళు పక్క గదిలో ఉన్నా వినలేదు. అట్ట మీద ఉన్నదే చెబుతుందని ధీమా.

మర్నాడు ఆయన సమావేశం హాల్లో కుర్చీలు వేయించి, టీ పెట్టించి, ముప్పై నాలుగు సెలవు కాగితాలు సిద్ధంగా ఉంచుకుని తల్లిదండ్రుల కోసం కూర్చున్నాడు. హాలుకి ఎవరూ రాలేదు. బస్సు దిగినవాళ్ళు దిగినట్టే లైబ్రరీ మెట్లవైపు వెళ్ళారు. ఆ సంగతి నాకెలా తెలుసంటే, నేనూ అక్కడే ఉన్నాను. పొద్దున్నే నాన్న, ఊళ్ళో ఈ మెట్ల సంగతి విని, పనికి సెలవు పెట్టి, దుకాణానికొచ్చి, షట్టరు సగం దించి, "పద" అన్నాడు. ఎక్కడికని నేనడగలేదు.

నాన్న నేరుగా వెళ్ళి పొట్టి పక్కన మెట్టు మీద కూర్చున్నాడు. ఆ పిల్ల బిత్తరపోయి, "మీరెవరి నాన్నగారండీ?" అంది. నా వైపు చూపించి, "దీని నాన్నని. కొంచెం ఆలస్యంగా వచ్చాను" అన్నాడు. ఆ మెట్ల మీద ఏడవకూడదని అప్పట్లోనే పద్దెనిమిది మందిమీ అనుకున్నాం కాబట్టి మొహం పక్కకి తిప్పుకున్నాను.

సాయంత్రం ఆరవుతుంటే సంక్షేమాధికారి దిగి వచ్చాడు. చీకటి పడుతోంది, పిల్లల గురించి మాకు చాలా బెంగగా ఉంది అన్నాడు. పొట్టి తల్లి, చేతులు సబ్బు నీళ్ళకి పాలిపోయి ఉన్న మనిషి, లేచి నిలబడి, "మా పిల్లలు మా కళ్ళ ముందే ఉన్నారండీ. మీరు బెంగ పెట్టుకోకండి, ఇంటికెళ్ళి పడుకోండి" అంది. అందరూ నవ్వారు. ఆయనకి నవ్వులు అలవాటు లేదు. అలా ఐదు సాయంత్రాలు. వచ్చేవాళ్ళు వచ్చారు, పనులున్నవాళ్ళు వెళ్ళి వేరేవాళ్ళని పంపారు. ఆరో రోజు గేటు మీద కాగితం అతికించారు. ప్రయోగాత్మకంగా, తాత్కాలికంగా, విద్యార్థినుల శ్రేయస్సు దృష్ట్యా గేటు రాత్రి తొమ్మిదింటి దాకా. శ్రేయస్సు అన్న మాట వదలలేదు చూడండి. గేటు మాత్రం తెరిచారు.

తర్వాత ఎవరు ఎవరికి ఏమని ఫోన్ చేశారో బయటపడటానికి రెండు రోజులు కూడా పట్టలేదు. కంగారక్కని లోపలికి పిలిచారు. ప్రిన్సిపాలు, సంక్షేమాధికారి, రాసుకోవడానికి ఒక గుమాస్తా. గది తలుపు దగ్గర ఉన్న అటెండరు తర్వాత నా దగ్గరికి జోడు బాగుచేయించుకోవడానికి వచ్చి, పూసగుచ్చినట్టు చెప్పాడు. ఆవిడైతే ఈ జన్మలో చెప్పేది కాదు.

సంక్షేమాధికారి ముందుగా ఆవిడకి మంచినీళ్ళు ఇప్పించాడట.

"అక్కా, మీరు బాగా నీరసించిపోయారు. ఇన్నేళ్ళు ఫోన్ల దగ్గర, ఎవరికైనా ఒత్తిడే. నిద్ర పడుతోందా? మీరు మా సొంత అక్కలాంటివారు. ఒక నెల ఆరోగ్యం మీద సెలవు పెట్టండి. మన డాక్టరుగారు రాసిస్తారు. ఒంట్లో బాలేక ఫోన్లలో ఏదో పొరపాటు దొర్లిందని మేమే రాసుకుంటాం. ఎవరికీ ఇబ్బంది ఉండదు. రెండేళ్ళు గడిస్తే హాయిగా రిటైరవుతారు."

సెలవు కాగితం ఆవిడ ముందుకు జరిపి, పెన్ను కూడా మూత తీసి ఇచ్చాడట. ఆవిడ నీళ్ళు తాగి, గ్లాసు పక్కన పెట్టింది.

"నాకు ఒంట్లో బాగానే ఉందండీ. రాత్రి బాగా నిద్రపోయాను. పొరపాటు అని రాయకండి. నేను పొరపాటు చేసిన రోజులు వేరే ఉన్నాయి, అవి ఇరవై రెండేళ్ళు. వాటికి మీరెప్పుడూ సెలవు ఇవ్వలేదు. ఇది మాత్రం బాగా ఆలోచించుకునే చేశాను. జబ్బు చేసిందని కాదు, మీ మాట వినలేదని రాయండి."

ప్రిన్సిపాలు, "అలా రాస్తే ఉద్యోగం పోతుందమ్మా, అర్థమవుతోందా" అన్నాడు. అర్థమవుతోందంది. సంక్షేమాధికారి ఇంకో రెండుసార్లు ఆరోగ్యం మాట ఎత్తాడు. ఆవిడ ఇంకో రెండుసార్లు అదే జవాబు చెప్పింది, ఒక్కో మాటా విడివిడిగా. ఇక చేసేది లేక గుమాస్తా చేత రాయించారు. ఫలానా తేదీన సదరు ఉద్యోగిని తెలిసి, కావాలనే, పై అధికారి ఆదేశాలను ధిక్కరించి, తనకు ఇచ్చిన పాఠానికి విరుద్ధంగా ముప్పై రెండు మంది తల్లిదండ్రులకు ఫోన్ చేసి మాట్లాడినందున, తక్షణం విధుల నుంచి తప్పించడమైనది.

సంతకం కోసం కాగితం ఆవిడకిచ్చారు. ఆవిడ జోడు పెట్టుకుని మొదటి నుంచి చివరి దాకా చదివి, పెన్ను తీసుకోకుండా గుమాస్తా వైపు తిరిగిందట.

"ముప్పై రెండు కాదు బాబూ, ముప్పై నాలుగు. ఇద్దరికి ఆరోజు లైను కలవలేదు, మర్నాడు పొద్దున్నే చేశాను. అవి కూడా రాయి."

గుమాస్తా సంక్షేమాధికారి మొహం చూశాడు. అంకె కొట్టేసి సరిగ్గా రాశాక, ఆవిడ దాని కింద సంతకం పెట్టింది.